పోటీకి ముందురోజు పట్టించిన సాన

మా ఆడపడుచుకి హెడ్ కోచ్ ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని ఐస్ రింక్ కమిటీ వాళ్ళు నెల రోజులు నాన్చారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఐస్ మీద పిల్లల చేతులు పట్టుకుని స్కేటింగ్ నేర్పుతున్న మనిషి. ఆమె దగ్గర నేర్చుకున్న వాళ్ళలో ఇద్దరు జాతీయ జట్టుకి వెళ్ళారు. అయినా కమిటీ ప్రెసిడెంటు గారికి ఒక అనుమానం పట్టుకుంది. ఆయనకి రంగుల కొట్టు ఉంది. ఏ గోడకి ఏ రంగు నప్పుతుందో ఆయన్ని అడగవచ్చు, నేను కాదనను. మనుషుల గురించి అడగకూడదు.

"ఆవిడ మంచిదే, పని కూడా తెలిసిందే. కానీ పోటీ అంటే కాళ్ళు వణికే మనిషి. అప్పట్లో అందరం చూశాంగా. తనకే లేని ధైర్యం పిల్లలకి ఎక్కణ్ణుంచి తెచ్చి పెడుతుంది?" అని తన కొట్లో నలుగురి ముందు అన్నాడు. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. నా కుట్టు దుకాణం షట్టరుకి రంగు కొందామని వెళ్ళినదాన్ని, కొనకుండానే వచ్చేశాను. ఒళ్ళు మండిపోయింది. అంతకంటే బాధ ఏమిటంటే, అప్పటికి నేను కూడా అదే నిజమనుకుంటున్నాను.

అది నిజం కాదని తెలిసింది ఆ తర్వాత రెండు వారాలకి. అందుకే ఇదంతా మొదటినుంచీ చెప్పాలి.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేటప్పటికి ఆ పిల్లకి పందొమ్మిదేళ్ళు. బొంగరమని పేరు పెట్టింది నేనే. వంటింట్లో పాల గిన్నె తీసుకుని గుమ్మం దాటాలన్నా ఒక చుట్టు తిరిగి దాటేది. పాలు ఒలికేవి కావు, అదే విచిత్రం. వాళ్ళ నాన్న రింక్‌లో కంప్రెసర్ మెకానిక్. ఐస్ గడ్డకట్టించే ఆ పెద్ద యంత్రాల మధ్య పనిచేసేవాడు. నాలుగేళ్ళ పిల్లని వెంట తీసుకెళ్ళి, యంత్రాల గదిలో మోత ఎక్కువని ఐస్ పక్కన బల్ల మీద కూర్చోబెట్టేవాడు. బల్ల మీద కూర్చునే రకమా అది? ఒకరోజు అద్దె బూట్ల గూట్లోంచి తన కాలికి రెండు సైజులు పెద్దవి తీసి తొడుక్కుని ఐస్ మీదికి దిగింది. పడింది. లేచింది. మళ్ళీ పడింది. పడ్డ ప్రతిసారీ చుట్టూ చూసి నవ్వుతుంటే అక్కడి కోచ్ మాస్టారు చూసి, "ఈ పిల్లకి పడటం వచ్చు. మిగతాది నేను నేర్పుకుంటాను" అన్నాడట.

పదకొండో ఏట తండ్రి పోయాడు. మాస్టారు ఆ పిల్లని వదల్లేదు. వాళ్ళమ్మ, అంటే మా అత్తగారు, ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. తెల్లారకముందే లేచి కూతుర్ని రింక్‌లో దింపి, రెండు గంటల తర్వాత పెద్దాడిని పంపి బడికి తీసుకెళ్ళమనేది. ఆ పెద్దాడే మా ఆయన. చెల్లెలి బూట్ల సంచీ మోసి మోసి తన కుడి భుజం కిందికి జారిందని ఇప్పటికీ అంటుంటాడు. నేను కొలతలు తీసి చూశాను. నిజంగానే అర అంగుళం తేడా ఉంది.

మా అత్తగారికీ నాకూ మొదటి మూడు నెలలు పడలేదు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారుగా, ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం కాబట్టి ఇద్దరికీ ఆ పేరు రాలేదు. ఆవిడ మాట తక్కువ మనిషి. నాకు నోట్లో నువ్వుగింజ నానదు. ఇస్త్రీ మడత ఇలా కాదు అలా అని ఆవిడకే చెప్పబోయాను. ముప్ఫయ్యేళ్ళు ఇస్త్రీ చేసిన మనిషికి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు, అంతకంటే సాకు లేదు.

ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి స్నేహం బొంగరం. పోటీ బట్టలు కుట్టే పని నాకప్పగించింది. అంతకుముందు నేను జాకెట్లూ గౌన్లూ కుట్టినదాన్ని. ఐస్ మీద బట్ట వేరే లెక్క. చెయ్యెత్తితే చంక దగ్గర లాగకూడదు, తిరిగితే అంచు ఎగిరి తొడకి చుట్టుకోకూడదు, పడితే చిరగకూడదు. ఆ పిల్లని మంచం మీద నిలబెట్టి చేతులెత్తించి, వంగించి, ఒంటికాలి మీద నిలబెట్టి కొలతలు తీశాను. ఆ కొలతలు తీస్తుంటే చూశాను, తుంటి మీద అరచెయ్యంత నల్లటి కమిలిన మచ్చ. "ఏమిటే ఇది?" అన్నాను. "రెండున్నర చుట్లు" అంది. గాల్లో రెండున్నర చుట్లు తిరిగి ఒంటికాలి మీద వెనక్కి జారుతూ దిగే జంప్ అది. రోజుకి ముప్ఫైసార్లు దూకితే ఇరవైసార్లు దిగేది. మిగతా పది తుంటి మీద.

ఆ ఏడాది జట్టు ఎంపిక పోటీ. రెండే స్థానాలు. అంతకుముందు ఏడాది మూడో స్థానంలో ఆగిపోయింది. ఈసారి మొదటి ఇద్దరిలో ఉంటుందని మాస్టారు కూడా అన్నాడు, ఆయన ఊరికే అనే మనిషి కాదు. మా అత్తగారు లాండ్రీలో ఎప్పుడూ లేనిది సెలవు అడిగింది. మా ఆయన సంచీకి కొత్త పట్టీ వేయించాడు. నేను నీలం వెల్వెట్‌తో బట్ట కుట్టాను. ఆ ఇంట్లో అందరం తలో పనీ చేశాం. నేనైతే ఒక పని ఎక్కువే చేశాను.

నా వృత్తిలో మొదటి పాఠం ఇది: మంచి గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు కత్తెరకి సాన పట్టించు. మొండి కత్తెర గుడ్డని కొయ్యదు, నములుతుంది. పోటీకి ముందురోజు మధ్యాహ్నం మాస్టారు ఆ పిల్లని నిద్రపొమ్మని ఇంటికి పంపాడు. అది గాఢంగా నిద్రపోతోంది. మంచం కింద సంచీ ఉంది. బూట్లు తీసి అడుగునున్న బ్లేడు మీద బొటనవేలు పెట్టి చూశాను. నాకు మొండిగా అనిపించింది. ఇంత పెద్ద పోటీకి ఇలాగా వెళ్ళేది అనుకున్నాను. రింక్‌లో సాన పట్టే ఆయన ఆ వేళప్పుడు ఉండడు. బజార్లో ఐస్ హాకీ ఆడేవాళ్ళ బూట్లకి సాన పట్టే కొట్టు ఉంటే అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన చక్రం తిప్పుతూ, నిప్పురవ్వలు లేపుతూ, "బాగా లోతుగా పట్టానమ్మా, ఇంక చూసుకోండి" అన్నాడు. సంబరంగా తెచ్చి, బట్టలో మిగిలిన నీలం వెల్వెట్ ముక్కలు రెండు బ్లేడ్లకి చుట్టి, సంచీలో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. గెలిచాక చెబుదామనుకున్నాను. నా బతుకులో నేను దాచిన రహస్యం అదొక్కటే, అది కూడా ఒక్కరోజు కోసం.

పోటీలో ఐస్ మీదికి దిగే ముందు ఆరుగురికి కలిపి ఆరు నిమిషాల వార్మప్ ఇస్తారు. ఆ ఆరు నిమిషాల్లో మాస్టారు కంచె దగ్గర నిలబడి బొంగరంతో ఏదో మాట్లాడటం పై మెట్ల మీంచి చూశాను. అది మా వైపు ఒకసారి తలెత్తి చూసింది. నేను చెయ్యి ఊపాను. నా పక్కన మా అత్తగారు కళ్ళు మూసుకుని కూర్చుంది.

పాట మొదలైంది. మొదటి జంప్ రెండున్నర చుట్లది. ఎగిరింది, తిరిగింది, దిగింది. దిగిన కాలు జారాల్సింది పోయి అక్కడే పాతుకుపోయినట్టు ఆగింది, మనిషి మాత్రం ముందుకి వచ్చేసింది. రెండు చేతులూ మోకాలూ ఐస్‌కి కొట్టుకున్న చప్పుడు మాదాకా వినబడింది. లేచింది. రెండో జంప్ దిగినప్పుడు అదే కాలు అదే తీరుగా పట్టేసింది. ఆ తర్వాత చుట్లలో కూడా తడబడింది. నాలుగు నిమిషాల పాటలో మూడుసార్లు పడింది. చివరి భంగిమలో చేతులు చాచి నిలబడి జడ్జీలకి వంగి నమస్కారం పెడుతుంటే మోకాలి దగ్గర మేజోడు ఎర్రగా ఉంది. ఐదో స్థానం.

"కాళ్ళు వణికాయి" అంది, ఎవరడిగినా. మా అత్తగారు అడిగినా అదే, మాస్టారు అడిగినా అదే, పేపరతను అడిగినా అదే. పేపర్లో అలాగే వేశారు. ఆ రోజు నుంచి మా పిల్ల ఆ రింక్‌లో పోటీ అంటే కాళ్ళు వణికే మనిషి అయిపోయింది. మళ్ళీ ఏడాది పోటీకి సిద్ధమవుతుంటే ఆ మోకాలే తిరగబెట్టింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, దూకొద్దు అన్నాడు. ఇరవై ఏళ్ళకే ఆట ముగిసింది. మంచం మీద పడుకుని గోడవైపు తిరిగి ఉండేది.

రెండు నెలలయ్యాక మాస్టారు వచ్చి, "చిన్నపిల్లల గుంపుకి మనిషి కావాలి. నువ్వు దూకక్కర్లేదు. వాళ్ళూ దూకరు" అన్నాడు. వెళ్ళింది. మొదట్లో మూడేళ్ళ పిల్లలకి ముక్కులు తుడవడం, బూట్ల తాళ్ళు కట్టడం. తాడు మరీ బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది, వదులైతే మడమ మడతపడుతుంది. ముప్ఫైమంది పిల్లలకి అరవై బూట్లు, రోజూ. వేళ్ళు కాయలు కాశాయి. సెలవుల్లో అద్దె బూట్ల కౌంటరులో కూర్చుంది. ఐస్ చదును చేసే బండి నడిపే ఆయన రానిరోజు ఆ బండీ నడిపింది. తర్వాత తర్వాత జంపులు నేర్పడం మొదలుపెట్టింది, తను దూకకుండానే.

ఎలా నేర్పుతుందో చూడటానికి నేను వెళ్ళి కూర్చునేదాన్ని. చేతిలో ఎవరిదో ఒక బట్ట ఉండేది కాబట్టి పనికి పని, చూడటానికి చూడటం. కొత్తగా వచ్చిన పిల్లకి మొదటి రోజంతా పడటమే నేర్పుతుంది. చేతులు ముడుచుకుని, పక్కకి, మెత్తటి చోటు మీద. రెండో రోజు లేవడం. మూడో రోజు తల్లిదండ్రులకి పాఠం: కంచె దగ్గరికొచ్చి అరవకూడదు, పిల్ల పడితే అయ్యో అనకూడదు, ఇంటికెళ్ళేదాకా మార్కుల మాట ఎత్తకూడదు. ఒక తల్లి, "మరి మేమేం చెయ్యాలండీ?" అని అడిగింది. "స్వెట్టరు వేసుకుని కూర్చోండి. చలి" అంది. కోపం వస్తే గొంతు తగ్గుతుంది తప్ప పెరగదు. పిల్లలకి ఆ తగ్గిన గొంతంటేనే భయం. పోటీ రోజు మాత్రం చిత్రమైన పని చేస్తుంది. ఒక్కో పిల్ల ముందూ కింద కూర్చుని, ఆ పాదం తన ఒళ్ళో పెట్టుకుని, బ్లేడు అంచు మీద గోరు గీసి చూస్తుంది. పిల్ల "బాగానే ఉంది మేడమ్" అన్నా వినదు. అదేదో అలవాటనుకున్నాను.

ఏటా పోటీల నెలలో తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి అరగంట మాట్లాడుతుంది. నేను అక్కడే ఉంటాను కదా, ఏటా సరిగ్గా ఆ సమయానికి, "వదినా, కాస్త టీ తెచ్చిపెట్టవా" అంటుంది. బయట టీ కొట్లో రద్దీ. నేను తెచ్చేసరికి మాటలైపోతాయి. ఏళ్ళ తరబడి తెచ్చాను టీ. ఈ ఏడాది, అంటే ప్రెసిడెంటు గారు ఆ మాటన్న రెండు వారాలకి, టీ కొట్లో మిషన్ పాడైంది. ఉత్త చేతులతో తిరిగొచ్చి వెనక బల్ల మీద కూర్చుని, సూది అందుకున్నాను.

"పోటీకి నాలుగు రోజుల ముందునుంచీ బ్లేడు జోలికి వెళ్ళొద్దు" అంటోంది బొంగరం. "ఇది నేను బతిమాలి చెబుతున్నాను."

ముందు వరసలో ఉన్నాయన మంగలి. చెయ్యెత్తాడు. "పదునైతే మంచిదేగా మేడమ్? నా కత్తి నేను రోజూ నూరుకుంటాను."

"మీ కత్తి మీద మీరు నిలబడరు కదండీ" అంది. అందరూ నవ్వారు. "బ్లేడుకి రెండు అంచులుంటాయి, మధ్యలో సన్నటి గాడి ఉంటుంది. కొత్తగా సాన పడితే అంచు ఐస్‌లో దిగిపోతుంది. జారాల్సిన చోట పట్టేస్తుంది. కాలికి ఆ పట్టు అలవాటయ్యేదాకా నాలుగు రోజులు పడుతుంది. ముందురోజు పట్టిస్తే మాత్రం, పిల్ల గాల్లోంచి దిగగానే ఐస్ కాలు పట్టుకుంటుంది. ఇక ఆ పిల్ల ఎంత బాగా దూకినా లాభం లేదు. హాకీ వాళ్ళ కొట్టుకి అసలే వెళ్ళొద్దు. వాళ్ళు ఆ గాడి మరీ లోతుగా పడతారు."

సూది నా వేల్లో దిగింది. అప్పుడు బొంగరం తలెత్తి నన్ను చూసింది. చూసి, అడగాల్సింది ఇంకేమైనా ఉంటే అడగండని వాళ్ళ వైపు తిరిగింది. ఆ గోరు గీసి చూడటం ఏమిటో నాకప్పుడు అర్థమైంది. నేను ఆ పిల్ల ఆట నాశనం చేశాను. ప్రేమతో చేశానంటే పాపం తగ్గుతుందా?

సాయంత్రం ఇంటికొచ్చి మోకాలికి పట్టీ విప్పుకుంటోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆ పోటీ రోజునుంచే. ఆ వెల్వెట్ ముక్కలు చుట్టేది నువ్వు కాక అన్నయ్యా?"

"మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఏం చేసేదానివి? కత్తెర పారేసి ఏడుస్తూ కూర్చునేదానివి. నా పిల్లలకి బట్టలెవరు కుడతారు?" అని నవ్వబోయింది. "ఆ టీ కొట్టాయన్ని నమ్ముకుని ఇన్నాళ్ళు లాక్కొచ్చాను. ఆఖర్న ముంచాడు."

నేను నవ్వలేదు. "కమిటీ వాళ్ళకి చెప్తాను. రంగుల కొట్టాయన నిన్ను పిరికిదన్నాడు. నలుగురిలో అన్నాడు. నాకు తెలియక ఊరుకున్నాను."

"వద్దు వదినా. ఇన్నేళ్ళ తర్వాత సాకు వెతుక్కున్నాననుకుంటారు. ఇస్తే నా పిల్లల్ని చూసి ఇస్తారు, లేదంటే లేదు. నువ్వు మాత్రం రాకు. ఒట్టెయ్."

ఒట్టు వేశాను. ఆ తర్వాత మంగళవారం కమిటీ కూర్చున్న గదికి వెళ్ళాను. నా ఒట్టుకి నేనే సమాధానం చెప్పుకుంటాను.

రింక్ పై అంతస్తులో చిన్న గది, గోడకి పాత పోటీల ఫొటోలు. బల్లకి అటు ఐదుగురు, ఇటు కుర్చీలో మా పిల్ల. మూల కుర్చీలో మాస్టారు, సలహాకి పిలిచారు. ఎనభై దగ్గర పడిన మనిషి, చేతికర్ర. నేను తలుపు తోసుకుని వెళ్ళి, కూర్చోమనక ముందే మొత్తం చెప్పేశాను. ముందురోజు, మంచం కింద సంచీ, హాకీ కొట్టు, అన్నీ. "వణికింది ఆవిడ కాళ్ళు కాదు. నా బుద్ధి గడ్డి తిన్నది" అన్నాను. బొంగరం తల దించుకుంది.

ప్రెసిడెంటు గారు వెనక్కి వాలాడు. "అమ్మా, మీరు బాధపడి చెబుతున్నారు, కాదనను. కానీ ఇది ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నిజంగా బ్లేడు తేడా అయితే ఆ రోజే చెప్పాలిగా? పోనీ, దూకేదాకా తెలియలేదేమో."

నేనూ అదే అనుకుంటున్నాను. ఔనని తలూపబోయాను.

"తెలుసండి" అంది బొంగరం. "వార్మప్‌లో మొదటి నిమిషంలోనే తెలిసింది."

మూలనుంచి మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "నేనడిగాను. కాలు ఎందుకు పట్టేస్తోందని అడిగాను. ఏం లేదు మాస్టారూ అంది. నా జేబులో రాయి ఉంది. ఆ అంచు మొద్దు చెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. నేను వంగి చూడలేదు. చూడాల్సింది. తప్పు నాది."

"నాదండి" అన్నాను నేను.

"మీ ఇద్దరిదీ కాదు" అంది బొంగరం. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, తప్పు కోసం ముగ్గురం పోటీ పడుతుంటే ప్రెసిడెంటు గారికి ఎవరి వైపు చూడాలో తెలియలేదు.

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు చివరికి. ఆ గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు.

"అది మా ఇంటి విషయమండి. చెప్పను. కానీ ఒకటి చెప్తాను. ధైర్యం ఎలా నేర్పాలో నాకు తెలియదు. పడొచ్చని తెలిసే ఐస్ మీదికి వెళ్ళాను ఆ రోజు. దాన్ని ధైర్యమంటారో, తెలివితక్కువతనమంటారో మీ ఇష్టం. నా పిల్లల్ని మాత్రం అలా వెళ్ళనివ్వను. పోటీ రోజు ఏ పిల్లైనా నాతో ఏం లేదు మేడమ్ అంటే నేను నమ్మను. కింద కూర్చుని చూస్తాను. నాకు వచ్చిన కోచింగు అంతా అదేనండి."

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. పావుగంట కూర్చున్నాం. బొంగరం నా వైపు చూడనే లేదు, ఒట్టు తప్పినందుకు. ప్రెసిడెంటు గారే తలుపు తీశాడు. ముగ్గురు ఔనన్నారట, ఇద్దరు కాదన్నారట. ఏడాది చూసి స్థిరం చేస్తామన్నాడు. ఆ ముగ్గురిలో తనున్నాడో లేదో చెప్పలేదు. మా పిల్ల చేతులు జోడించింది. ఆయన కూడా జోడించాడు.

ఇంటికి నడిచే వస్తున్నాం. బస్ స్టాండు మలుపు దాకా ఊరుకున్నాను. అదే నాకు ఎక్కువ.

"ఇంటి విషయమన్నావు. ఆ ఇంట్లో నేనూ ఉన్నాను. చెప్పు."

"పోనీ వదినా. అయిపోయిందిగా."

"అత్తయ్య పోయి ఆరేళ్ళైంది. మీ అన్నయ్యకి మాటే తక్కువ. ఇంక నాకు చెప్పేదెవరు? నువ్వు చెప్పకపోతే నేను ఇక్కణ్ణుంచి కదలను." నిజంగానే రోడ్డు పక్కన ఆగిపోయాను.

అది కొంచెంసేపు తన బూట్ల సంచీ పట్టీ సర్దుకుంది. తర్వాత చెప్పింది. ఆ పోటీకి ముందు ఆదివారం అమ్మ అన్నయ్యతో మాట్లాడటం పక్క గదిలోంచి విందట. ఈ కోడలు పిల్ల మనకి సర్దుకోదు, నోరెక్కువ, కొన్నాళ్ళు పుట్టింట్లో దిగబెట్టి రా, తర్వాతి సంగతి తర్వాత చూద్దాం అందట అమ్మ. అన్నయ్య ఏమీ అనలేదట.

"మాస్టారి సంగతి తెలుసుగా నీకు. బ్లేడు చూస్తే ఎవడు పట్టించాడని అక్కడే కేకలేసేవారు. పై మెట్ల మీద అమ్మ నీ పక్కనే ఉంది. ఎనిమిదేళ్ళు నన్ను తెల్లారకుండా లేపి తీసుకెళ్ళిన మనిషి. ఆవిడకి తెలిస్తే నిన్ను ఒక్కరోజు ఉంచేది కాదు."

"అందుకని పడ్డావా?"

"పడతాననుకోలేదు, ఎలాగో నెగ్గుకొస్తాననుకున్నాను. ఒకవేళ పడ్డా, పోటీ మళ్ళీ ఏడాది వస్తుంది కదా అనుకున్నాను. నువ్వు వెళ్తే మళ్ళీ వస్తావో రావో నాకు తెలియలేదు."

మా అత్తగారు చివరి ఏడాదంతా నా చేత్తోనే మందులు మింగింది, నా భుజం పట్టుకునే నడిచింది, పోయే ముందు నన్నే అమ్మా అని పిలిచింది. ఆ అమ్మా అన్న పిలుపు నాకు మిగలడానికి ఈ పిల్ల ఏమిచ్చిందో ఆవిడకీ తెలియదు, ఇప్పటిదాకా నాకూ తెలియదు. మా ఆయన ఏమీ అనలేదట, ఆ సంగతి ఇంటికెళ్ళాక ఆయనతోనే తేల్చుకుంటాను. అంతవరకే ఆలోచించగలిగాను. పైట మొహానికి అడ్డం పెట్టుకుని, నలభై మూడేళ్ళ మనిషిని, నడిరోడ్డు మీద భోరుమన్నాను.

బొంగరం నా మోచెయ్యి పట్టుకుంది. "ఏడిస్తే ఏడువు గానీ, కాస్త ఇటు జరిగి ఏడువు వదినా, బస్సులొస్తాయి" అంది గొంతు తగ్గించి.